తలంటు నుంచి అభిషేకం దాకా: ‘ఖ్రిస్మ’ అనే గ్రీకు మాట

‘ఖ్రిస్మ’ అనే గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో మూడే మూడు సార్లు వస్తుంది. మూడూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. యోహాను రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో, 20వ వచనంలో ఒకసారి, 27వ వచనంలో రెండుసార్లు. తెలుగు బైబిలు మూడు చోట్లా దాన్ని ‘అభిషేకము’ అంది. విజయవాడలోనూ కృష్ణా డెల్టా ఊళ్లలోనూ క్రైస్తవుల నోట రోజూ నలిగే మాటల్లో ఇదొకటి. ‘అభిషేకం గల సేవకుడు’ అంటారు, ‘ఆ వాక్యంలో అభిషేకం ఉంది’ అంటారు, ‘అభిషేకం కోసం కనిపెట్టి ప్రార్థించండి’ అంటారు. ఉజ్జీవ సభల పోస్టర్ల మీద ప్రసంగీకుల పేర్ల ముందు ‘అభిషిక్త దైవజనులు’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంత గంభీరంగా పలికే ఈ మాటకు మూలంలో ఉన్న అర్థం మాత్రం ఇంట్లో వాడుకునేంత సాదాది. ఒంటికి రాసుకునే నూనె, పూసుకునే లేపనం, అంతే.

దీని ధాతువు ‘ఖ్రియో’. రాయడం, పూయడం, పులమడం అని అర్థం. క్రైస్తవానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచే గ్రీకులు ఈ క్రియను వాడుకున్నారు. హోమర్ కావ్యాల్లో ప్రయాణం చేసి వచ్చిన అతిథికి స్నానం చేయించి ఒళ్లంతా నూనె రాస్తారు. అక్కడ ఉన్న క్రియ ఇదే. బాణపు మొనకు విషం పూయడానికీ ఇదే క్రియ. క్రీ.పూ. 428లో ఏథెన్సులో ప్రదర్శించిన యూరిపిడీస్ నాటకం ‘హిప్పోలిటస్’లో, దాది తెస్తానన్న మందు గురించి రాణి ఒక ప్రశ్న వేస్తుంది. అది పైపూత మందా, తాగే మందా అని. ఆ ‘పైపూత’కు నాటకకర్త వాడిన మాట ‘ఖ్రిస్తోన్’. తెలుగువాళ్లు ‘క్రీస్తు’ అని పలికే బిరుదుకూ ఈ పైపూత మందుకూ మాట ఒకటే.

గ్రీకులో క్రియకు చివర ‘మ’ చేరితే చాలాసార్లు ఆ పని వల్ల ఏర్పడినదో, ఆ పనికి వాడే వస్తువో అవుతుంది. అలా చూస్తే ‘ఖ్రిస్మ’ అంటే రాయడం అనే పనికన్నా రాసిన పదార్థం, ఒంటికి పట్టిన నూనె. ఈ తేడా చిన్నదే అయినా యోహాను పత్రిక దగ్గరికి వచ్చేసరికి బాగా పనికొస్తుంది. ఒక పని జరిగి అయిపోతుంది. నూనె మాత్రం ఒంటిమీద నిలుస్తుంది.

ఈ మాటకు పవిత్రత అబ్బింది యూదుల వల్ల. హీబ్రూలో దీనికి సమానమైన క్రియ ‘మాషహ్’. అదీ మొదట్లో సాదా మాటే. యెషయా గ్రంథం 21వ అధ్యాయంలో యుద్ధానికి లేచే అధిపతులు తోలు డాళ్లకు పట్టించే చమురుకు ఈ క్రియే వాడారు. యిర్మీయా 22వ అధ్యాయంలో రాజు తన మేడకు వేయించే ఇంగిలీకపు రంగుకూ ఇదే క్రియ. నిర్గమకాండం 29వ అధ్యాయంలో యాజకుల ప్రతిష్ఠకు సిద్ధం చేసే పొంగని పిండివంటలున్నాయి. తెలుగు బైబిలు వాటిని ‘అప్పడములు’ అంది. వాటి మీద నూనె పూయడానికీ ఇదే క్రియ. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో యూదు పండితులు తమ లేఖనాలను గ్రీకులోకి తేవడం మొదలుపెట్టారు. ఆ అనువాదంలో మేడ రంగుకూ అప్పడాల నూనెకూ కూడా ‘ఖ్రియో’ క్రియనే వాడారు. మహోన్నతమైన బిరుదుకు పుట్టిల్లు ఇలాంటి వంటగది కావడం ఆ బిరుదుకు ఏ లోటూ చేయలేదు.

అదే నిర్గమకాండం 30వ అధ్యాయంలో మరో నూనె ఉంది. దానికి కొలతలతో సహా తయారీ విధానం చెప్పారు. తెలుగు బైబిలు లెక్కలో గోపరసం 500 తులాలు, దాల్చినచెక్క 250, సువాసన గడ్డి 250, దాల్చినచెక్క జాతిదే అయిన మరో పట్ట 500, వీటికి తోడు ఒలీవ నూనె. ఈ తైలాన్ని గుడారానికీ బలిపీఠానికీ పాత్రలకూ యాజకులకూ మాత్రమే పూయాలి. మామూలు మనిషి ఒంటికి రాయకూడదు. ఇదే పాళ్లతో ఇంట్లో చేసుకోనూ కూడదు. ఇంటి నూనెకూ దేవుని నూనెకూ మధ్య గీత ఇక్కడ పడింది. రాసే చెయ్యి అదే, ఒలీవ నూనె అదే. వేరు చేసింది ఆ నూనె పట్టిన వస్తువో మనిషో ఇక ఎవరి సొత్తన్న సంగతి.

తరవాత రాజులు వచ్చారు. సమూయేలు ప్రవక్త కొమ్ములో నూనె తెచ్చి బేత్లెహేములో దావీదు తలమీద పోశాడు. అలా నూనె పొందినవాడు ‘మాషియహ్’. గ్రీకులో ‘ఖ్రిస్తోస్’, తెలుగులో అభిషిక్తుడు. ఈ బిరుదు ఇశ్రాయేలు రాజులకే పరిమితం కాలేదు. యెషయా 45వ అధ్యాయం మొదటి వచనం పారశీక చక్రవర్తి కోరెషును కూడా దేవుని అభిషిక్తుడే అంది. ఎవరూ అతని తలమీద నూనె పోయలేదు. అంటే ఏసు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఈ మాటలో నూనె వెనక్కి జరిగి, దేవుడు ఒకరిని ఒక పనికి ఎంచుకోవడమన్న అర్థం ముందుకు వచ్చేసింది.

కొత్త నిబంధనలో ‘ఖ్రిస్తోస్’ 500 సార్లకు పైగా వస్తుంది. హీబ్రూ రూపమైన ‘మెస్సీయ’ మాత్రం యోహాను సువార్తలో రెండే చోట్ల, 1వ అధ్యాయంలోనూ 4వ అధ్యాయంలోనూ ఉంది. రెండు చోట్లా దాని పక్కనే గ్రీకు మాట పెట్టారు. యూదుల సంప్రదాయం తెలియని గ్రీకువాడి చెవికి ‘ఖ్రిస్తోస్’ అంటే ‘నూనె పూసిన’ అన్నట్టే వినపడుతుంది. ఆ పేరును ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఒకతనికి 2వ శతాబ్దం చివర్లో అంతియొకయ బిషప్ థియోఫిలస్ జవాబు రాశాడు. పూత లేనిదే ఏ ఓడ నీటికి పనికొస్తుంది, ఏ ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది అని ఎదురు ప్రశ్న వేశాడు. దేవుని తైలం పూసుకున్నాం కాబట్టే ఈ పేరు వచ్చిందని గర్వంగా చెప్పుకున్నాడు. బందరు తీరంలో చెక్క పడవ అడుగుకు తారు పట్టించి నీట్లోకి దింపేవాళ్లకు ఈ జవాబు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

నూనె రాయడానికి కొత్త నిబంధనలో ఇంకొక క్రియ కూడా ఉంది, ‘అలేఫో’. అది తొమ్మిది సార్లు వస్తుంది, ‘ఖ్రియో’ ఐదు సార్లు. ఇంగ్లిషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు రెండు క్రియలకూ ఒకే మాట పెట్టి సరిపెట్టింది. ఉపవాసమున్నప్పుడు తలకు రాసుకునే నూనె, శవానికి పూసే సుగంధం, దేవుడు ఏసుకిచ్చిన ఆత్మ, ఇంగ్లిషు చదివేవారికి అన్నీ ఒకే క్రియ కింద కలిసిపోతాయి. తెలుగు బైబిలు ఆ పని చేయలేదు. ఇక్కడ తెలుగు అనువాదం చూపిన నేర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మత్తయి 6వ అధ్యాయంలో ఉపవాసం చేసేవాడు నూనెతో ఏం చేయాలో చెప్పేచోట తెలుగు క్రియ ‘తల అంటుకొను’. దీపావళి తెల్లవారుజామున డెల్టా ఇళ్లలో పిల్లలకు నువ్వుల నూనెతో తలంటు పోస్తారే, ఆ ‘అంటు’ ఇదే. లూకా 7వ అధ్యాయంలో పరిసయ్యుడు అతిథికి చేయకుండా వదిలేసిన మర్యాదకూ ఇదే మాట. అదే అధ్యాయంలో ఒక స్త్రీ ఏసు పాదాలకు అత్తరు ‘పూసింది’. మార్కు 16వ అధ్యాయంలో సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు సుగంధద్రవ్యాలు కొన్నది ‘పూయడానికి’. మార్కు 6వ అధ్యాయంలో, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగులకు నూనె ‘రాచారు’. ఇవన్నీ గ్రీకులో అలేఫోలే. తెలుగులో ఒక్కచోట కూడా అభిషేకం కాలేదు. దేవుడు కర్తగా ఉన్న ‘ఖ్రియో’ వచ్చిన ఐదు చోట్లా, అంటే లూకా 4:18, అపొస్తలుల కార్యములు 4:27, 10:38, రెండో కొరింథీ 1:21, హెబ్రీ 1:9 వచనాల్లో, తెలుగు క్రియ ‘అభిషేకించు’. ఆ ఐదింటిలో నాలుగు ఏసు గురించినవి. ఒక్క కొరింథీ వచనం విశ్వాసుల గురించినది.

పాత నిబంధనలోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. అందరికీ నోటికి వచ్చే 23వ కీర్తనలో తలకు నూనె రాసే క్రియ హీబ్రూలో ‘మాషహ్’ కాదు. దాని అసలు అర్థం కొవ్వు పట్టించడం, జిడ్డుతో నిగనిగలాడేలా చేయడం. అది విందుకు పిలిచిన మనిషికి చేసే మర్యాద. తెలుగు బైబిలు అక్కడ కూడా ‘అంటు’ అన్న క్రియనే ఎంచుకుంది. ఇంగ్లిషు బైబిలు చదివి ఈ కీర్తనలో రాజాభిషేకం ఉందని ప్రసంగించేవారు చేతిలోని తెలుగు బైబిలును ఒకసారి నిదానంగా చూసుకుంటే ఆ పొరపాటు రాదు. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో కంటికి పెట్టుకునే మందును తెలుగు ‘కాటుక’ అంది. దాన్ని పెట్టుకోవడానికి గ్రీకులో ఉన్న క్రియ ‘ఖ్రియో’కు ముందు ఒక ఉపసర్గ చేర్చినది. గంభీరమైన మాటకు అది దగ్గరి చుట్టమే అయినా, సందర్భం చూసి అనువాదకులు ఇంటి మాటే ఎంచుకున్నారు.

ఈ తేడాను మరీ బిగించి పట్టుకోవడం కూడా తప్పే. ఖ్రియో అంటే ఎప్పుడూ పవిత్రం, అలేఫో అంటే ఎప్పుడూ లౌకికం అని కొన్ని వ్యాఖ్యానాలు తేల్చేస్తాయి. కొత్త నిబంధన వరకు అది చాలామట్టుకు నిలుస్తుంది. కానీ గ్రీకు పాత నిబంధనలో యాజకుల ప్రతిష్ఠ గురించి చెప్పే నిర్గమకాండం 40:15లో అలేఫోనే ఉంది. అప్పడాలకు పూసిన నూనె ఖ్రియో కావడం పైన చూసిందే. ఏ మాటకైనా అర్థం దాని ధాతువు ఒక్కటే ఇవ్వదు. ఎవరు, ఎవరికి, ఎందుకు అన్న సందర్భం కూడా ఇస్తుంది.

తెలుగువారు ఎంచుకున్న మాటల సంగతీ చూడాలి. అభిషేకం సంస్కృతంలోని ‘సిచ్’ ధాతువు నుంచి వచ్చింది. తడపడం, చిలకరించడం, పోయడం అని దాని అర్థం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరస్వామికి, కృష్ణ ఒడ్డున అమరావతిలో అమరేశ్వరుడికి జరిగే అభిషేకాల్లో నీళ్లూ పాలూ లింగం మీద ధారగా పడతాయి. పట్టాభిషేకంలో నదీజలాలు రాజు తలమీద పడతాయి. కాబట్టి తెలుగు చెవికి అభిషేకం అనగానే పైనుంచి జారే ధార గుర్తుకొస్తుంది. గ్రీకు, హీబ్రూ మాటల్లో ముందుగా కనిపించేది అరచేయి. పోయడం అక్కడ అసలు లేదని కాదు. సమూయేలు పోశాడు, అహరోను గడ్డం మీదుగా తైలం కారింది. అయితే మాట పుట్టింది మాత్రం రాయడంలోనే. రాజరికం, యాజకత్వం, దేవుని ఎంపిక అన్న బరువు మోయగల మాట తెలుగులో అభిషేకమే కాబట్టి అనువాదకులు దాన్ని తీసుకున్నారు. ఆ ఎంపిక సరైనదే.

అసలు అర్థానికి ఇంకా దగ్గరగా ఉన్న మాటను తెలుగు కతోలికులు కాపాడుకున్నారు. అదే అభ్యంగనం. ఇది ‘అంజ్’ అనే ధాతువు నుంచి వచ్చింది. పూయడం అని దాని అర్థం. కంటి అంజనానికీ అదే ధాతువు. లాటిన్‌లో లేపనానికి ఉన్న మాట కూడా ఈ ధాతువుకు అక్కచెల్లెలే అని భాషావేత్తలు చెబుతారు. పండగనాటి అభ్యంగన స్నానం నుంచి తీసుకుని, కతోలికులు రెండు దేవద్రవ్యానుమానాలకు, అంటే సంస్కారాలకు, ఈ మాట పెట్టుకున్నారు. బాప్తిస్మం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచేది ‘భద్రమైన అభ్యంగనం’. రోగులకు ఇచ్చేది ‘అవస్థ అభ్యంగనం’. మొదటి దాంట్లో మేత్రాణులు, అంటే బిషప్, బొటనవేలిని తైలంలో ముంచి నుదుటిమీద సిలువ గుర్తు వేస్తారు. ధార ఏమీ ఉండదు. ఒక వేలు, ఒక చుక్క నూనె, నుదుటి చర్మం, అంతే. గ్రీకు ‘ఖ్రియో’ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే దృశ్యం లేదు.

విజయవాడ కతోలిక మేత్రాసనం 1937లో బెజవాడ మేత్రాసనంగా ఏర్పడింది. అన్ని మేత్రాసనాల్లో లాగే ఇక్కడా పవిత్ర గురువారం నాడు గానీ దానికి దగ్గరి మరో రోజున గానీ మేత్రాణులు గురువులందరితో కలిసి మూడు తైలాలను ఆశీర్వదిస్తారు. బాప్తిస్మానికి సిద్ధమయ్యేవారికి ఒకటి, రోగులకు ఒకటి, మూడోది ‘ఖ్రిస్మ’. యోహాను పత్రికలోని గ్రీకు మాట ఆ మూడో తైలం పేరులో ఇప్పటికీ అలాగే ఉంది. మిగతా రెండూ ఉత్త నూనెలే. దీనిలో పరిమళద్రవ్యం కలుపుతారు. మేత్రాణులు దాని మీద శ్వాస ఊదుతారు. బాప్తిస్మం పొందిన బిడ్డ నడినెత్తికీ, కొత్త గురువు అరచేతులకూ, కొత్త గుడి బలిపీఠానికీ గోడలకూ పూసేది ఈ తైలమే. ఆ రోజు ఆశీర్వదించిన నూనె చిన్న పాత్రల్లో విచారణలకు, అంటే స్థానిక గుళ్లకు, చేరుతుంది.

డెల్టాలో ఒలీవ చెట్టు లేదు. నువ్వులు, కొబ్బరి, ఆముదం ఇక్కడి నూనెలు. ఒలీవ నూనె దొరకని చోట మొక్కల నుంచి తీసిన మరో నూనె వాడవచ్చని ఆరవ పౌలు పోపు 1972లో అనుమతించారు. అదే ఏడాది రోగుల అభ్యంగనం పద్ధతి కూడా మారింది. అంతకుముందు అది చావు అంచున ఉన్నవారికి ఇచ్చేదిగా స్థిరపడిపోయింది. తెలుగు పేరులోని ‘అవస్థ’ అన్న మాట ఆ భయాన్నే చెబుతుంది. గురువు నూనె తెచ్చారంటే ఇక ఆశ లేదన్నట్టుగా ఇల్లంతా గొల్లుమనేది. ఇప్పుడు దాన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటారు. నుదుటికీ రెండు చేతులకూ నూనె రాస్తారు. పెద్ద జబ్బు చేసినవారికి, ముసలితనంలో నీరసించినవారికి కూడా ఇస్తారు. యాకోబు పత్రిక ఉద్దేశం కూడా రోగి లేచి తిరగాలనే. ఫాదర్ ఆర్లాటి 1924లో గుణదల కొండమీద ప్రతిష్ఠించిన లూర్దుమాత దగ్గరికి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో రోగులూ వారి బంధువులూ వేలాదిగా వస్తారు. ఫిబ్రవరి 11ను కతోలిక సంఘం 1993 నుంచి ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది.

ప్రొటెస్టెంట్ల వైపు, 1841లో ఫాక్స్, నోబుల్ అనే ఇద్దరు ఆంగ్లికన్ మిషనరీలు మచిలీపట్నంలో దిగిన నాటి నుంచి ఈ ప్రాంతంలో అభిషేకం ప్రధానంగా వాక్యానికి చెందిన మాట, నూనెకు కాదు. విజయవాడ కేంద్రంగా ఉన్న దక్షిణ ఇండియా సంఘపు కృష్ణా గోదావరి అధ్యక్ష మండలంలో కన్ఫర్మేషన్ అంటే బిషప్ తలమీద చేతులుంచడం. బాప్టిస్టు సంఘాల్లో నూనె సంస్కారంగా లేదు. పెంతెకొస్తు సంఘాల్లో పాస్టర్ గారు రోగి ఇంటికి వచ్చి చిన్న సీసా మూత తీసి, వేలికి కాస్త నూనె అద్దుకుని నుదుట రాసి ప్రార్థిస్తారు. అది యాకోబు చెప్పిన ‘రాచుట’. ఆ తరవాత అదే గదిలో ‘అభిషేకం దిగి రావాలి’ అని మొరపెడతారు. అది యోహాను చెప్పిన ‘ఖ్రిస్మ’. రెండూ ఒకే నూనె సీసాలోంచి వచ్చినట్టు అనిపించినా గ్రంథంలో అవి రెండు వేరు మాటలు.

ఇక యోహాను పత్రిక. 1వ శతాబ్దం చివరి కాలంలో ఒక సంఘం చీలిపోయింది. బయటికి వెళ్లినవాళ్లు ఏసే క్రీస్తని ఒప్పుకోవడం లేదు. వాళ్లకు యోహాను పెట్టిన పేరు ‘అంతిఖ్రిస్తోయ్’. రెండు వచనాలు దాటగానే లోపల మిగిలినవాళ్లతో మీకు ‘ఖ్రిస్మ’ ఉందంటాడు. గ్రీకు చెవికి ఈ రెండు మాటలూ ఒకే ధాతువుతో గంటకొట్టినట్టు వినిపిస్తాయి. తెలుగులో ఒకటి ‘క్రీస్తు విరోధులు’, రెండోది ‘అభిషేకము’ కావడంతో ఆ చుట్టరికం తెగిపోయింది. క్రీస్తు అన్న చోట అభిషిక్తుడు అని పెట్టి చదివితే అది తిరిగి అతుక్కుంటుంది. వాళ్లు అభిషిక్తుడికి ఎదురు తిరిగినవాళ్లు, మీరు ఆయన అభిషేకం పొందినవాళ్లు.

ఆ అభిషేకం ఏమిటన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. పవిత్రాత్మే అన్నది ఎక్కువమంది మాట. ‘ఖ్రియో’ వచ్చిన ఐదు చోట్లలో కొన్నింటిలో ఆత్మ ప్రస్తావన ఉండటం దీనికి బలం. బ్రిటిష్ పండితుడు సి.హెచ్. డాడ్ మాత్రం అది మొదట విన్న సువార్త వాక్యమన్నాడు. అదే అధ్యాయం 24వ వచనంలో ‘నిలిచి ఉండాలి’ అని చెప్పింది విన్న సంగతి గురించే కదా అన్నది ఆయన వాదానికి ఆధారం. ఆత్మ ఆ వాక్యాన్నే గుర్తుచేస్తాడు కనుక రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఏమైనా 27వ వచనం ప్రకారం అది మనుషుల్లో నిలిచేది, వారికి బోధించేది. సభ వేడిలో వచ్చి, దీపాలు ఆర్పగానే పోయేది కాదు.

ప్రసంగాల్లో తరచూ జరిగే మరో పొరపాటు, దీన్ని ‘ఖరిస్మ’తో కలిపేయడం. అది ‘ఖరిస్’ అనే వేరే మాట నుంచి వచ్చింది. అర్థం కృపావరం. అది కొత్త నిబంధనలో 17 సార్లు వస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో వరం పంచి ఇవ్వడం గురించి పౌలు చెప్పినచోట ఆ మాటే ఉంటుంది. బోధించే వరం ఒకరికుండవచ్చు, స్వస్థపరిచే వరం మరొకరికుండవచ్చు. ‘ఖ్రిస్మ’ గురించి మాత్రం పంపకం అన్న మాటే లేదు. 20వ వచనం చివర్లో కొన్ని ప్రాచీన ప్రతులు ‘సమస్తం ఎరుగుదురు’ అంటే, మరికొన్ని ‘మీరందరూ ఎరుగుదురు’ అంటాయి. నేటి గ్రీకు పాఠ్య సంపాదకులు రెండోదాన్నే మూలపాఠంగా తీసుకున్నారు. కొత్త నిబంధనలో ‘ఖ్రిస్మ’ వచ్చే మూడు చోట్లా దాన్ని పొందినవారిని సూచించే సర్వనామం ‘మీరు’. అది ఒకరిని గౌరవించే ‘మీరు’ కాదు. గ్రీకులో అది అచ్చమైన బహువచనం.